ఆరున్నర దాకా ఉండే చిరునామా

గేటు దగ్గరి డబ్బాలోంచి ఫోను చేతికొచ్చేసరికే ఐదున్నర దాటింది. మందుల కంపెనీ లోపలికి ఎవరూ ఫోను తీసుకుపోకూడదు. పొద్దున ఎనిమిదింటికి తాళం వేసి పెట్టిన ఫోను ఇంతసేపూ దాచుకున్న కబుర్లన్నీ ఒక్కసారిగా చెప్పుకుంటూ అరచేతిలో వణికింది. శోభ దాన్ని చూడకుండానే కంపెనీ బస్సెక్కి, మూడో వరసలో కిటికీ దగ్గర కూర్చుని, చెప్పులు విప్పి వాచిన పాదాలను ముందు సీటు కింది ఇనుప కమ్మి మీద పెట్టుకుంది. రోజంతా నిలబడి మాత్రల పొడి కరిగించడం, యంత్రం గీసిన గీతలు చూడడం, ప్రతి గీత కిందా సంతకం పెట్టడం. సాయంత్రానికి తన పేరు తనకే ఎవరిదో మందు పేరులా కనిపిస్తుంది. తలస్నానం చేసినా వదలని మందు వాసన వెంట్రుకల్లో ఉంది. కళ్లు మూస్తే నల్లగొండ దాకా నిద్రపోవచ్చు, రోజూ అదే చేస్తుంది, నార్కట్‌పల్లి మలుపు దగ్గర తల కిటికీకి కొట్టుకుంటే లేస్తుంది. ఈ రోజు నిద్రపోకూడదు. బస్సు చౌటుప్పల్ దాటి హైవే మీదికి వస్తుండగా ఫోను తెరిచింది. యూనివర్సిటీ పంపిన ఉత్తరమే అన్నిటికంటే పైన ఉంది. ఇది నాలుగోది. చదువు ముగించుకుపోయిన వాళ్ల మెయిల్ ఖాతాలన్నీ అక్టోబరు ముప్పయ్యొకటో తారీఖు సాయంత్రం ఆరున్నరకు మూసేస్తున్నాం, కావలసినవి ఆలోగా తీసుకోండి. మొదటి ఉత్తరం ఆగస్టులో వచ్చింది. అప్పుడు చాలా రోజులున్నాయనిపించింది. ఇవాళే ముప్పయ్యొకటి, టైము ఐదూ నలభై.

తీసుకోవలసినవి చాలావరకు తీసుకుంది. మార్కుల మెమోలు, హాల్ టికెట్లు, లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసులప్పుడు పంపిన పాఠాలు. వాటిని ఇక ఎప్పుడూ చదవదని తెలిసీ దించుకుంది. బ్యాంకులో, గ్యాసు కంపెనీలో, పీఎఫ్‌లో, ఒక్కొక్క చోటా పాత చిరునామా కొట్టేసి కొత్తది రాసింది. ప్రతి చోటా మొదట పాత చిరునామాకే ఒక అంకె పంపి, నువ్వు నువ్వేనా అని అడిగారు. నేనేనని పాత చిరునామా చేతనే చెప్పించి దాన్ని తీసెయ్యడం ఆమెకు ఏదోలా అనిపించింది. కొత్త మెయిల్‌లో శోభ అన్న పేరు ఒట్టిగా దొరకలేదు, దేశంలో శోభలందరూ ముందే తీసుకున్నారు. చివర నాలుగు అంకెలు తగిలించుకోవాల్సి వచ్చింది. పాతదాంట్లో అంకెల్లేవు. రెండు వేల ఇరవైలో కాలేజీ మూతపడి, క్లాసులు ఫోనులోకి వచ్చినప్పుడు, ఆఫీసు వాళ్లు అందరికీ తలా ఒక చిరునామా ఇచ్చారు. ముందు తన పేరు, వెనక యూనివర్సిటీ పేరు. వాళ్ల ఇంటికి అంతకుముందు ఏ ఉత్తరం వచ్చినా 'గొర్ల బీరప్ప ఇల్లు' అని పోస్టుమన్ ఎవరినో అడిగి తెచ్చేవాడు. నాయిన పేరు చెప్పకుండా తనను నేరుగా చేరగలిగిన మొట్టమొదటి చోటు అది. ఇచ్చిన రోజు ఆ చిరునామాకు తానే ఒక ఉత్తరం పంపుకుంది. 'శోభా, అందిందా' అని రాసుకుంది. అందింది.

పక్క సీట్లో లీలమ్మ ఒళ్లో సంచి విప్పింది. ప్యాకింగ్ సెక్షన్‌లో పదేళ్లుగా పనిచేస్తోంది, యాభై దాటిన మనిషి. ఇంటికి పోయేదాకా ఆకలికి ఆగలేదు. సంచిలో సీతాఫలాలు ఉన్నాయి, మధ్యాహ్నం గేటు బయట గంప పెట్టుకున్న ఆమె దగ్గర కొన్నవి. ఒక పండును రెండు చేతుల్తో విప్పి సగం శోభ ముందు పెట్టింది.

"తిను బిడ్డా. పొద్దటి సంది ఏం తిన్నవో ఏమో, ముఖం పీక్కపోయింది."

"చేతుల పనుంది పెద్దమ్మా. తర్వాత తింట."

"ఫోను యాడికి పోతది. పండు మెత్తగైతది."

శోభ ఒక గింజ నోట్లో వేసుకుంది. తీపి కంటే ముందు ఆ వాసన తగిలింది, పండిన సీతాఫలం తొక్కకు ఉండే పచ్చి, మట్టి వాసన, దాని వెనకే మండుతున్న బొగ్గు వాసన. ఈ బస్సులో బొగ్గు లేదు. నాలుగేళ్ల కింద కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు వెనక రేకుల షెడ్డులో ఉండేది. ఎండిన సీతాఫలం తొక్కల్ని మూత పెట్టిన ఇనుప డబ్బాలో కాల్చి బొగ్గు చేస్తుంటే పొగకు కళ్లు మండి, ప్రాజెక్టులో తన జోడీ మమత చున్నీ ముక్కుకు కట్టుకుని, మనం ఎమ్మెస్సీ చదువుతున్నమా కోళ్లు కాలుస్తున్నమా అనేది. మమతది అలంపురం. పాలమూరు దిక్కు సంతల్లో పారేసే సీతాఫలం తొక్కలు తెప్పిస్తానంది ఆమే, రెండు గోనెసంచులు బస్సు మీద వేసుకుని వచ్చిందీ ఆమే. నీళ్లు శోభ తెచ్చేది. మర్రిగూడ దిక్కున ఉన్న తన ఊరి బోరు నీళ్లు. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉంది, దాన్ని బొగ్గుతో తీసెయ్యడమే వాళ్ల ప్రాజెక్టు. తాగినవాళ్ల పళ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకుపోయి, నడుములు వంగిపోతాయి. నాయిన ఆకాశం చూడాలంటే గట్టు మీద పండుకోవాలి. గొర్రెల వెనక నడుస్తుంటే ఆయన కూడా నేలమీద ఏదో వెతుక్కుంటున్నట్టే ఉంటాడు. వారానికోసారి ఐదు లీటర్ల డబ్బా నింపి బస్సు దాకా మోసుకొచ్చి ఎక్కించేవాడు, వద్దన్నా వినేవాడు కాదు. "జర జల్ది చెయ్యిండ్రి బిడ్డా. మీది అయ్యేసరికి మేం ఉండం," అనేవాడు, నవ్వుతూనే. ఇప్పుడు నల్లాలో నది నీళ్లు వస్తున్నాయి. నాయిన ఉన్నాడు, నడుము మాత్రం అట్లాగే ఉంది.

బొగ్గు మొదట పని చెయ్యలేదు. నీళ్లలో ఎర్రటి మందు కలిపితే ఫ్లోరైడు ఉన్నకొద్దీ రంగు వెలిసిపోవాలి. బొగ్గులోంచి వడగట్టినా, వడగట్టకపోయినా రంగు ఒకే తీరుగా వెలిసిపోయేది. రెండు నెలలు అట్లాగే గడిచాయి. దామోదర్ సార్, వాళ్ల గైడు, ఇంకో అంశం తీసుకొమ్మన్నాడు. మళ్లీ కరోనా వచ్చి హాస్టళ్లు ఖాళీ చేయించినప్పుడు ఇద్దరూ ఇళ్లకు పోయారు. శోభ ఇంట్లో ఫోను ఒక్కటే, క్లాసు అయిపోగానే అది అన్న గిరి చేతికి పోవాలి, ఏ మెసేజి వచ్చినా అతను చదివేవాడు. అందుకని ఇద్దరూ ప్రాజెక్టు రాసుకునే ఫైలులోనే మాట్లాడుకునేవాళ్లు. ఇద్దరి చిరునామాల నుంచీ తెరుచుకునే ఫైలు అది. అందులో ఏ వాక్యం పక్కనైనా అంచున ఒక చిన్న గడిలో మాట రాయవచ్చు. బొగ్గు ఎట్లా చెయ్యాలన్న పేరా పక్కన 'మీ ఊళ్ల కరెంటున్నదా' అని ఉండేది. పట్టిక పక్కన 'మా అమ్మ ఇయ్యాల బెండకాయ మాడగొట్టింది, నేను ఎమ్మెస్సీ ఫస్టియర్ల మాడగొట్టినట్టే' అని. దామోదర్ సార్ ఆ ఫైలు తెరవడు గనుక సార్ గురించి కూడా రాసుకునేవాళ్లు. ఏప్రిల్‌లో ఒక రోజు మధ్యాహ్నం మమత అంచున రాసింది, 'వానలకు తుంగభద్ర ఎర్రగ వస్తది గద, అప్పుడు మా అమ్మ పటిక ముక్క నీళ్లల్ల తిప్పుతది, మన్ను కిందికి దిగుతది. మన బొగ్గును పటిక నీళ్లల్ల నానబెడితే ఎట్లుంటదే?' శోభ ఆ మాటను గొర్రెల దొడ్డి దగ్గర నిలబడి చదివింది. ఇంటికి పోయి, హాస్టల్ నుంచి ఎర్ర మందు సీసాతో పాటు తెచ్చుకున్న బొగ్గును పటిక నీళ్లలో నానేసింది. నాలుగో రోజు ఆ బొగ్గులోంచి వడగట్టి ఎర్ర మందు కలిపిన నీళ్లు ఎర్రగానే ఉన్నాయి.

బస్సు ఆగింది. రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి, ఎదురుగా పత్తి లారీ. డ్రైవర్ ఎల్లస్వామి తల బయటపెట్టి ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. ఐదూ యాభై ఐదు. ఫైలు తెరవాలి. మిగిలినవన్నీ తీసుకుంది, ఇదొక్కటే తీసుకోలేదు. తెరవక నాలుగేళ్లయింది. కళ్లు మూతపడుతున్నాయి, ఇదొక అదృష్టం, నిద్రపోయి లేచేసరికి ఆరున్నర దాటితే తాను చేసిందేమీ ఉండదు, అలసిపోయి నిద్రపోయిందంతే. రోజూ నిద్రపోయే బస్సే కదా.

ఆ మే నెలలో మమత వాళ్లమ్మ సోమమ్మకు కరోనా తగిలింది. దవాఖానలో ఇరవై రోజులున్నారు. మనిషి బతికింది గానీ నాలుగడుగులు వేస్తే ఆయాసం. గుడి దగ్గర వాళ్లకు చిన్న టిఫిన్ బండి ఉండేది, మమత దాని దగ్గర నిలబడాల్సి వచ్చింది. పరీక్షకు రాలేనని చెప్పింది, తర్వాతి ఏడు రాస్తానంది. జులైలో ప్రాజెక్టు పుస్తకం కట్టించే రోజు దామోదర్ సార్ గదిలో ఫ్యాను తిరుగుతోంది, బల్ల మీద ఉడకబెట్టిన పల్లికాయలున్నాయి, సార్ ఎప్పుడూ ఏదో ఒకటి తెచ్చి పిల్లలకు పెట్టేవాడు. పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్న మనిషి. తన జీతంలోంచి తానే మందులు కొనిచ్చిన మనిషి. మొదటి పేజీ చూసి, "పరీక్ష రాయని మనిషి పేరు ఎట్ల పెడ్తమమ్మా? ఆఫీసోళ్లు అడిగితే నేనేం చెప్పాలె? తీసెయ్. ఆమె వచ్చినంక చూద్దాం," అన్నాడు. శోభ అక్కడే, సార్ కంప్యూటర్ మీదనే తన ఖాతాలోంచి ఆ ఫైలు తెరిచి, మమత పేరు చివర గీత నిలబెట్టి వెనక్కి చెరుపుతూ పోయింది. ఒక్కొక్క అక్షరం. ఇంటిపేరు దాకా పోయి ఒక్క క్షణం ఆగింది. వద్దు సార్ అనవచ్చు. అనలేదు. పల్లికాయ వలుచుకుని తిన్నది కూడా. ఆ రుచి ఎందుకు గుర్తుందో తెలియదు.

వారానికి ఫైలు అంచున మమత మాట వచ్చింది. 'నా పేరు లేదేందే? పొరపాటుగ పోయిందా?' అంతే. పొరపాటుగ అన్న మాట మమతే అందించింది. అవునే, పొరపాటే అని రాస్తే సరిపోయేది. లేదే, సార్ తియ్యమన్నడు అని రాసినా సరిపోయేది. శోభ రేపు రాద్దామనుకుంది. మరునాడు కూడా అనుకుంది. తర్వాత ఆ ఫైలు తెరవడం మానేసింది. మరుసటి ఏడు సార్ ఆ ప్రాజెక్టును నాలుగు పేజీల పేపరు చేసి ఒక సైన్సు పత్రికకు పంపాడు. రెండే పేర్లు. సార్‌ది, శోభది. ఉత్తరాలు రాసేవాళ్లు రాయవలసిన చిరునామాగా శోభ యూనివర్సిటీ మెయిల్ అచ్చయింది, ఎందుకంటే సార్‌కు అవన్నీ చూసే తీరిక లేదు. పత్రిక వాళ్లు ఆమెను డాక్టర్ శోభ గారూ అని పిలిచారు. పొరపాటున పిలిచారని తెలిసీ పదిసార్లు చదువుకుంది. కంపెనీ ఇంటర్వ్యూలో ఆ పేపరు చూసి, పటికలో నానబెట్టడం ఎట్లా తట్టిందమ్మా అని మేనేజరు అడిగాడు. మా వైపు ఇళ్లల్లో నీళ్లకు పటిక వాడతారు సార్, అంది. మా వైపు. వాళ్ల ఊళ్లో ఎవరూ పటిక వాడరు, బోరు నీళ్లు అద్దంలా తేటగా ఉంటాయి, విషమంతా ఆ తేటలోనే ఉంటుంది. తేటగా అబద్ధం చెప్పగలనని ఆ రోజే తెలిసింది. మేనేజరు తల ఊపాడు. ఉద్యోగం వచ్చింది. మూడేళ్లుగా పొద్దున్నే ఈ బస్సు, సాయంత్రం ఈ బస్సు.

చిట్యాల దాటేటప్పుడు ఫైలు తెరిచింది. తెరవాలని తెరవలేదు, వేలు దాని మీద పడింది. సిగ్నల్ సరిగా లేక కొంచెం కొంచెంగా వచ్చింది, ముందు తెల్ల కాగితం, తర్వాత అక్షరాలు, తర్వాత అంచున గడులు ఒక్కొక్కటే. బెండకాయ. కరెంటు. సార్ కొత్త చొక్కా. అన్నిటికంటే పైన ఆ ప్రశ్న, నాలుగేళ్లుగా అక్కడే ఉన్నది. ఈ ఫైలును దించుకుంటే రాతలూ అంచు మాటలూ వస్తాయి గానీ, ఎవరు ఏ రోజు ఏ అక్షరం చెరిపారన్న జాబితా రాదు. అది ఫైలుతో పాటు పోతుంది. ఇంకో అరగంటకు తన చెయ్యి ఆ పేరు చెరిపిందనడానికి ఎక్కడా ఆనవాలు ఉండదు. లోపల ఏదో బరువు దిగినట్టయింది. వెంటనే, దిగిందని సంతోషపడ్డందుకు సిగ్గేసింది. సీతాఫలం గింజ ఇంకా బుగ్గనే ఉంది. కిటికీలోంచి ఉమ్మేసింది.

అప్పుడు పట్టిక దగ్గర ఒక ఆకుపచ్చ గీత వెలిగింది. ఫైలులో ఎవరైనా ఉంటే వాళ్ల గీత అట్లా మినుకుతుంది, పైన పేరుంటుంది. మమత. శోభ ఫోనును గుండెకు అదుముకుంది, ఎవరో చూసేస్తారన్నట్టు. మళ్లీ చూసింది. గీత కదులుతోంది, పట్టికలో ఒక వరస నుంచి ఇంకో వరసకు, అంకెలు చదువుకుంటున్నట్టు. ఆ నాలుగో ఉత్తరం మమతకు కూడా వచ్చి ఉంటుంది. చదువు ముగించని వాళ్లను కూడా ఆ జాబితాలో వేసినట్టున్నారు.

శోభ పట్టిక కింద ఖాళీలో రాసింది. 'మమతా.'

ఆకుపచ్చ గీత ఆగింది. తర్వాత అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు.

'నువ్వున్నవా. నేను రీడింగుల కోసం వచ్చిన. రాసుకొని పోత.'

'ఎందుకు?'

'బడిల సైన్సు చెప్తున్న. పిల్లలతోని గీ బొగ్గు చేయిస్తున్న. పటిక ఎంత వేసినమో మర్చిపోయిన.'

'అమ్మ ఎట్లున్నది?'

'మంచిగనే ఉన్నది. బండి మా అక్క చూసుకుంటది. నువ్వు నౌకరీ చేస్తున్నవంట గద.'

'అవును. చౌటుప్పల్ల.'

బస్సు గుంటలో పడి లేచింది. శోభ రెండుసార్లు రాసి చెరిపింది, చెరపడం అవతల కనిపిస్తుందని తెలిసినా. మూడోసారి ఉంచింది.

'నీ ప్రశ్న అప్పుడే చూసిన.'

'నాకు తెల్సు.'

'పొరపాటు కాదే. నేనే తీసేసిన.'

'అది గూడ తెల్సు. ఆ తారీఖు, నీ పేరు, అన్ని చూపిస్తది గద ఫైలు. నేను అడిగేటప్పటికే చూసిన.'

ఆ వాక్యం మీద శోభ కళ్లు నిలిచిపోయాయి. చూసి అడిగింది. చూసి కూడా పొరపాటా అని అడిగింది. తాను బయటపడటానికి ఒక సందు ఉంచి అడిగింది. నాలుగేళ్లు ఆ సందు తెరిచే ఉంది. ఆకుపచ్చ గీత పట్టికలోకి పోయింది, ఒక వరసలో నిలబడి ఇంకో వరసకు దిగింది, తన పని తాను చేసుకుంటున్నట్టు.

'నీ కొత్త మెయిల్ ఇయ్యవా?' శోభ రాసింది.

'ఎందుకు?'

'పేపరు వాళ్లకు రాస్తున్న.'

నార్కట్‌పల్లి దీపాలు దగ్గరయ్యాయి. ఒక నిమిషమో రెండు నిమిషాలో గడిచాక పట్టిక కింద ఒక చిరునామా వచ్చింది. దాని పక్కన ఇంకేమీ లేదు. తర్వాత ఆకుపచ్చ గీత లేదు. పైన పేరూ లేదు.

ఆరూ పన్నెండు. పేపరు అచ్చయినప్పుడు పత్రిక వాళ్లు పంపిన ఉత్తరం పాత మెయిల్‌లోనే ఉంది, అడుగున ఎక్కడో. ఏ దిద్దుబాటయినా అచ్చయిన చిరునామా నుంచే రావాలి, మరో చిరునామా నుంచి వచ్చినవి చూడం అని అందులో ఉంది. అంటే ఈ పద్దెనిమిది నిమిషాలు. ఆ తర్వాత శోభ అన్న మనిషి వాళ్ల లెక్కలో ఎవరో. శోభ రాయడం మొదలుపెట్టింది, బొటనవేళ్లు బస్సు కుదుపుకు పక్క అక్షరాల మీద పడుతున్నాయి. ఇంగ్లీషు సరిగా రావడం లేదు. కారణవశాత్తు ఒక పేరు విడిచిపోయింది అని రాసింది. కొట్టేసింది. కారణం ఏమిటి, వశాత్తు ఏమిటి. ఈ పని ఇద్దరం చేశాం, అసలు ఆలోచన ఆమెది, ఆమె పేరు నేను తీసేశాను, తప్పు నాది అని చిన్న చిన్న వాక్యాల్లో రాసింది, చిన్నప్పుడు బడికి రానందుకు లీవు లెటరు రాసినట్టు. ఏప్రిల్ తారీఖుతో మమత పటిక గురించి రాసిన మాటను ఫొటో తీసి జతచేసింది. కింద మమత పూర్తి పేరు రాసింది, ఇంటిపేరుతో సహా. ఒక్కొక్క అక్షరం.

లీలమ్మ చాలాసేపటి నుంచి చూస్తున్నట్టుంది.

"ఎవరికి బిడ్డా గట్ల, పరీక్ష రాసినట్టు?"

"పాత దోస్తు కోసం పెద్దమ్మా. ఒక్క తాన ఆమె పేరు పెట్టాల్సి ఉండె. పెట్టలే."

"మర్చిపోయినవా?"

"మర్చిపోలే. కావాలనే తీసేసిన."

లీలమ్మ తొక్కలన్నీ కవరులో వేసి ముడి వేసింది. బయట చీకటి పడిపోయింది, అద్దంలో ఇద్దరి ముఖాలూ కనిపిస్తున్నాయి.

"ఆమె తిట్టిందా?"

"తిట్టలే."

"తిడితే బాగుండు గద," అంది లీలమ్మ. తర్వాత సీటుకు తల ఆనించి కళ్లు మూసుకుంది.

ఇక సార్. ఉత్తరం నకలు సార్‌కు కూడా పోవాలి, పేపరులో మొదటి పేరు ఆయనది. వచ్చే నెలలో ఆయనకు ఇంటర్వ్యూ ఉందని విన్నది, పన్నెండేళ్లు పదహారేళ్లయ్యాయి, కాంట్రాక్టు వాళ్లను పర్మనెంటు చేస్తారట, పేపర్లు లెక్కపెడతారట. ఈ ఉత్తరం ఇప్పుడు పోతే ఆ గదిలో ఎవరో అడుగుతారు. కంపెనీలో కూడా ఎవరైనా అడగవచ్చు, మా వైపు అన్న మాట గుర్తున్నవాళ్లు. సార్‌కు పంపకుండా పత్రికకు మాత్రమే పంపవచ్చు. ముందు సార్‌కు ఫోను చేసి చెప్పవచ్చు. చెబితే సార్ ఏమంటాడో తెలుసు. ఇంటర్వ్యూ అయినంక చూద్దామమ్మా అంటాడు, మెత్తగా, ప్రేమగా, తాను సరే సార్ అంటుంది. తాను సరే సార్ అనే మనిషి. ఇంట్లో అన్నకు సరే, ల్యాబులో మేనేజరుకు సరే. ఆ సరేలన్నీ కాళ్లలోకి దిగి పాదాలు వాచినట్టున్నాయి. అలసట ఎంతగా ఉందంటే భయపడటానికి కూడా ఓపిక లేదు. ఓపిక లేకపోవడం మొదటిసారి పనికొచ్చింది. సార్ చిరునామా, మమత చిరునామా, నాలుగు అంకెలున్న తన కొత్త చిరునామా రాసి పంపింది. ఆరూ ఇరవై మూడు.

ఫోను తెర మీద గుండ్రంగా తిరుగుతున్నది తిరుగుతూనే ఉంది. రోడ్డుకు రెండు పక్కలా చీకట్లో గుట్టలు, ఎక్కడో గొర్రెల మందను రోడ్డు దాటిస్తుంటే ఎల్లస్వామి బ్రేకు వేసి దీపాలు తగ్గించాడు. గొర్రెల కళ్లు ఆకుపచ్చగా మెరిసి ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఫోనులో పోయిందన్న గుర్తు వచ్చింది. ఒక నిమిషానికి పత్రిక నుంచి యంత్రం రాసిన జవాబు, మీ ఉత్తరం అందింది, పదిహేను రోజుల్లో తెలియజేస్తాం, నంబరు ఇది. ఈసారి డాక్టర్ అని లేదు. శోభ ఆ నంబరును చేతి మీద పెన్నుతో రాసుకుంది. ఇంకా మూడు నిమిషాలున్నాయి. ఫైలును దించుకుంది, బెండకాయతో సహా. తర్వాత ఊరికే పాత మెయిల్ అడుగుకు జరుపుతూ పోయింది, కిందికి, ఇంకా కిందికి, రెండు వేల ఇరవై దాకా. అన్నిటికంటే అడుగున ఉన్నది చదువుతుండగా తెర తెల్లబడి, పాస్‌వర్డ్ అడిగింది. కొట్టింది. ఇట్లాంటి ఖాతా ఏదీ లేదంది. ఏడుపొస్తుందేమో అనుకుంది, రాలేదు. ఆవలింత వచ్చింది.

నల్లగొండ పొలిమేరలో కొత్త మెయిల్ చప్పుడు చేసింది. మమత.

'చదివిన. ఇంటిపేరు గూడ సరిగ్గ రాసినవు. నాలుగేండ్లల్ల నేను నిన్ను మనసుల శానా తిట్టిన శోభా, ఇప్పటికిప్పుడు అవి వాపసు తీసుకునుడు నాతోని కాదు. కొన్ని రోజులు ఏం రాయకు. నాకు రాయబుద్ధయినప్పుడు నేనే రాస్తా. అమ్మకు చెప్పిన, పేపర్ల పేరొస్తదట అని. ఏ పేపర్ల అని అడుగుతాంది.'

శోభ దాన్ని రెండుసార్లు చదివింది. జవాబు రాయడానికి పోయిన వేలును వెనక్కి తీసుకుంది. రాయొద్దంది కదా.

క్లాక్‌టవర్ దగ్గర బస్సు దిగి, లీలమ్మను పానగల్లు ఆటో ఎక్కించి, చెప్పులు సరిగా పట్టక మడమలు బయటే ఉంచి నాలుగడుగులు వేసిందో లేదో ఫోను మోగింది. దామోదర్ సార్. ఈ పాటికి చదివి ఉంటాడు. రోడ్డంతా హారన్లు, మిర్చి బజ్జీల నూనె వాసన. మూసి ఉన్న మందుల దుకాణం మెట్టు మీద కూర్చుంది, నిలబడి మాట్లాడే ఓపిక లేదు. నాలుగోసారి మోగాక ఎత్తింది.

"ఏందమ్మా శోభా ఇది?" సార్ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది, తన గొంతే అవతలి నుంచి వినిపించినట్టు. "నాకొక్క మాట చెప్పొద్దా? నేనేమన్న పరాయోణ్ణా?"

"చెప్తే మీరు ఆగమంటరు సార్. నేను ఆగుత."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. సార్ ఇంకా డిపార్ట్‌మెంటులోనే ఉన్నాడు.

"ఇంటర్వ్యూల అడిగితే నేనేం చెప్పాలెనమ్మా?"

ఆ ప్రశ్న ఆయన ఇంతకుముందు కూడా ఒకసారి అడిగాడు.

"జరిగింది చెప్పుండ్రి సార్," అంది శోభ. "తియ్యమన్నది మీరు. తీసింది నేను."